ఐదు సెంటీమీటర్ల రాకుమారుడు

ఆకాశమంతటికీ ఒక రాజు ఉండేవాడు. ఆయన ఒకనాడు ఒళ్ళు తెలియని సంబరంలో ఎగిరి, దూకి, నక్షత్రాలన్నిటినీ బద్దలు కొట్టేశాడు. చంద్రుడు కూడా మిగలలేదు. తప్పు చేసింది తండ్రి; దిద్దే పని మాత్రం కొడుకు మీద పడింది. ఆ రాకుమారుడి ఎత్తు ఐదు సెంటీమీటర్లు. భూమి మీదికి పోయి, దొరికిన వస్తువులన్నిటినీ ఒక బంతికి అంటించుకుని పెద్ద ముద్ద చేసుకు రమ్మన్నాడు రాజు. ఆ ముద్దే నక్షత్రమవుతుందట!

పిల్లలూ, ఇది పాతకాలపు కథ కాదు. "కటమరి దమషి" అనే ఆట. టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ 2 యంత్రం కోసం నామ్కో కంపెనీ 2004లో జపానులో విడుదల చేసింది. జపాను భాషలో "కటమరి" అంటే ముద్ద. దీన్ని ఊహించిన కెయిటా తకహాషి శిల్పకళ చదువుకున్నవాడు. న్యూయార్కులోని ఆధునిక కళా మ్యూజియం 2012లో మొదటిసారి చేర్చుకున్న 14 వీడియో ఆటల్లో ఇదీ ఉన్నది. కొత్త యంత్రాలకు తగినట్టు 2018లో మళ్ళీ తయారుచేశారు.

ఆడే పద్ధతి సులువు. చేతిలోని పరికరానికి రెండు చిన్న పుల్లలుంటాయి. రెండూ ముందుకు నెడితే ముద్ద ముందుకు దొర్లుతుంది. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ అంటే మలుపు తిరుగుతుంది. పేడపురుగు తన ఉండను దొర్లించుకు పోవటం మీరు చూసే ఉంటారు. అచ్చం అలాగే! ముద్ద కన్న బాగా చిన్నవైన వస్తువులు అంటుకుంటాయి. పెద్దదానికి కొట్టుకుంటే, అంటినవి కూడా రాలిపోతాయి.

ఈ ఆటే కోరుట్లలో జరిగిందనుకోండి. మొదట ఇంట్లో గుండుసూదులు, శనగగింజలు, పసుపు కొమ్ములు అంటుకుంటాయి. పిల్లి ఎదురైతే పారిపోవలసిందే. తరవాత వీధిలో చెప్పులు, బిందెలు. అప్పుడు పిల్లి ఎదురైతే, పాపం, అదీ ముద్దలోకే! రోడ్డెక్కాక బస్సులు, చెట్లు. జగిత్యాల చేరేసరికి, నక్షత్రం ఆకారంలో కట్టిన అక్కడి కోటను కూడా తీసుకుపోవచ్చు. రాజుకు అంతకన్న ఏం కావాలి?

ఇందులో ఒక లెక్క ఉన్నది. మొదటి ఘట్టంలో 5 సెంటీమీటర్ల ముద్దను 3 నిమిషాల్లో 10 సెంటీమీటర్లు చేయాలి. రెట్టింపే కదా, ఇంకొక ముద్దకు సరిపడా సామాను చాలదా? చాలదు. పొడవూ, వెడల్పూ, ఎత్తూ మూడూ రెట్టింపు కావాలి. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. అంటే మొదటి ముద్దలాటివి మరి ఏడు కలవాలి. ఇక చంద్రుణ్ణి చేసే చివరి ఘట్టంలో 1 మీటరు ముద్దను 25 నిమిషాల్లో 300 మీటర్లు చేయాలి. 300ని మూడుసార్లు వేసి గుణించండి: 2,70,00,000 రెట్లు! ఇది 25 నిమిషాల్లో ఎలా సాధ్యం? ముద్ద పెరిగినకొద్దీ అంటుకునే వస్తువులూ పెద్దవవుతాయి. మొదటి పది నిమిషాల కష్టమంతా చివరికి ఒక్క మేడపాటి చేయదు.

పెద్దవాళ్ళకు ఒక మాట. "ఇక చాలు" అని మీరూ, "ఇదొక్కటే" అని పిల్లలూ వాదులాడుకోని ఇల్లు ఈరోజుల్లో అరుదు. ఫోనుల్లోని ఆటలు అనేకం అసలు ముగియకుండానే తయారుచేసినవి. ఎక్కడ ఆపాలో వాటిలో లేదు, కనుక ఆపలేకపోవటం పూర్తిగా పిల్లల తప్పు అనలేం. రాకుమారుడి కథలో ఒక్కొక్క ఘట్టానికి గడియారం ఆటలోనే ఉన్నది. చంద్రుడు ఆకాశానికి చేరితే కథ అయిపోతుంది. రోజుకు ఒక ఘట్టం అని ముందే ఒప్పందం చేసుకోవచ్చు. ఎన్నో ఆటలు సగం సగం ఆడటం కన్న, ఇలాంటి వింత ఆట ఒకటి చివరిదాకా ఆడటం మేలని నాకనిపిస్తుంది.

ఆట యంత్రం లేనివాళ్ళు చిన్నబుచ్చుకోనక్కరలేదు. సిరిసిల్ల పిల్లలకు మరీ సులువు; మరమగ్గాల దగ్గర తెగి పనికిరాకుండా పోయిన నూలు దొరుకుతుంది. దాన్ని బంతిలా చుట్టండి. రెండు పుస్తకాల మధ్య బంతిని పెట్టి, పుస్తకాల నడుమ దూరం స్కేలుతో కొలవండి. 5 సెంటీమీటర్లు రాగానే కిరాణా దుకాణంలో తూచి రాసుకోండి. అదే బిగింపుతో 10 సెంటీమీటర్లు వచ్చేదాకా చుట్టి, మళ్ళీ తూచండి. ఎనిమిది రెట్లకు దగ్గరగా వచ్చిందా? తక్కువైతే పైచుట్లు వదులయ్యాయన్నమాట. నూలు మాత్రం పెద్దవాళ్ళనడిగి, మగ్గం ఆగి ఉన్నప్పుడే తెచ్చుకోండి.