పొయ్యి యెక్కని క్యాబేజీ

మన యిండ్లలో క్యాబేజీకి పట్టిన గతి ఇంచుమించు ఒక్కటే. సన్నముగనో మందముగనో తరుగబడి, నానిన పెసరపప్పుతోనో సెనగపప్పుతోనో పోపులో పడి, మూతక్రింద మెత్తబడువఱకు మ్రగ్గి, ఇల్లంతయు వ్యాపించు నొక గంధకపు వాసనను తన రాకకు సూచనగ ముందు పంపి, అటుపిమ్మట విస్తరిలోనికి వచ్చును. ఆ కూరను నేను నిందింపబోవుట లేదు. దింపవలసిన వేళకు దింపి, కొబ్బరికోరు చల్లిన క్యాబేజీకూర రుచికరమే. కాని నూటికి తొంబదిపాళ్లకు పైగ నీరే యై, ఆ నీటిని బిగువుగ పట్టియుంచిన కణముల వలన పంటిక్రింద కరకరలాడు గుణమును స్వభావసిద్ధముగ పొందిన యొక శాకమును, ఆ గుణము పోగొట్టిన పిమ్మటనే తినవలెనని మనము తరతరములుగ నిశ్చయించుకొనుట మాత్రము వింతగ తోచును. పండ్లముక్కలు చేర్చి, పులుపును తీపిని సరితూచి చేసిన పచ్చిక్యాబేజీ మన భోజనమున ఉపదంశముగ నుండదగినదనియు, అయితే అది ఫలహారశాలల మయోనైజు ముద్దగ గాక, మన ఆవపిండితోను మన నిమ్మకాయతోను తయారు కావలెననియు నా అభిప్రాయము.

పాశ్చాత్యులు దీనిని కోల్‌స్లా యందురు. నేడు హైదరాబాదులోను విజయవాడలోను, వేయించిన కోడిమాంసము ప్రక్క చిన్న ప్లాస్టిక్ గిన్నెలో తెల్లగ, తియ్యగ, జారుగ వచ్చు పదార్థమును మాత్రమే చూచినవారికి దానిపై గౌరవము కలుగకపోవుట సహజము. దాని పూర్వచరిత్ర యింతకంటె మర్యాద గలది. లిన్నేయసు శిష్యుడును స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడును అగు పీటర్ కాల్మ్ 1749లో అమెరికాలోని ఆల్బనీ పట్టణమున బసచేసినప్పుడు, తనకు డచ్చి గృహిణి వడ్డించిన యొక అపూర్వమైన క్యాబేజీ వంటకమును తన దినచర్యలో వర్ణించెను: లోపలి ఆకులను సన్నని పోచలుగ కోసి, నూనె, వెనిగరు, ఉప్పు, మిరియాలపొడి వేసి బాగుగ కలిపినది. అందు మయోనైజు లేదు. 1912 ప్రాంతమున న్యూయార్కులో రిచర్డు హెల్మన్ అను వర్తకుడు మయోనైజును గాజుసీసాల కెత్తి అమ్మసాగెను. సీసా మూత తీసినంతనే దొరకు సులభమునకు వంటవారు అలవడుట వింత కాదు. అయినను ఆ దేశమున నందఱును దానికి లొంగిపోలేదు. ఉత్తర కారొలైనాలోని లెక్సింగ్టను పట్టణమున కాల్చిన పందిమాంసముతో వడ్డించు స్లా నేటికిని మయోనైజు నెఱుగదు. వెనిగరుతోను టొమాటో కెచప్పుతోను ఎఱ్ఱగ నుండును.

రుచిమాట యటుండనిండు. పచ్చిగ్రుడ్డుతో చేసిన మయోనైజు తయారీని, నిల్వను, విక్రయమును తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరు 30న ఒక సంవత్సరము పాటు నిషేధింపవలసి వచ్చినది. తిన్నవారు వాంతులు విరేచనములతో ఆసుపత్రులపాలయిన పిదప గాని ఆ తెల్లని పూత వలని ప్రమాదము మన తల కెక్కలేదు. గ్రుడ్డులేని మయోనైజు వచ్చినదని వ్యాపారులు చెప్పుదురు. వచ్చినను, కరకరలాడవలసిన దానికి జిడ్డుపూత పూయుట వలన కలుగు నష్టము అట్లే యున్నది.

మయోనైజునకు బదులు వెదకుటకు మనము దూరము పోనక్కరలేదు. క్యాబేజీయు ఆవాలును ఒకే వృక్షకుటుంబమునకు చెందినవి. తడిపి నూఱిన ఆవాలలో ముక్కుపుటముల కెక్కు ఘాటు ఏ రసాయనికచర్య వలన పుట్టుచున్నదో, పచ్చిక్యాబేజీ కోసినప్పుడు నాలుకకు తగులు సన్నని కారమును ఆ జాతి చర్య వలననే పుట్టుచున్నది. కత్తి తగిలి కణములు చీలినంతనే, అంతవఱకు వేఱువేఱుగ దాగియున్న గంధకసమ్మేళనమును ఎంజైమును కలిసికొని ఆ వాడిని వెలువఱచును. వేడి తగులగనే ఆ ఎంజైము నశించును. ఉడికినకొలది వాడి పోయి, ముందు చెప్పిన వాసన మిగులును. అరటికాయకును పనసపొట్టునకును ఆవపెట్టుట నెఱిగిన గోదావరి ప్రాంతపు గృహిణికి, క్యాబేజీకి ఆవపెట్టుడని చెప్పుట క్రొత్త విద్య నేర్పుట కాదు. నిమ్మరసము, కొంచెము బెల్లపుతురుము, అరచెంచా ఆవపిండి, చెంచాడు నువ్వులనూనె, మిరియాలపొడి, తుదను వేయించి పలుకుగ దంచిన వేరుసెనగలు: అరకిలో క్యాబేజీకి ఇంతకంటె పరివారము అక్కరలేదు.

ఇక పండ్లు. పండనగానే ప్రతిదియు దీనికి పనికిరాదు. అరటిపండు, సపోటా, ముగ్గిన బొప్పాయి ఆదిలోనే తొలగవలసినవి. పుచ్చకాయ నీరు కార్చి గిన్నెను చెఱువు చేయును. పాశ్చాత్యులు ఆపిలును వాడుదురు, అది మంచిదే. కోసినంతనే గాలి సోకి గోధుమవన్నెకు తిరుగు దాని దుర్గుణమును నిమ్మరసము అణచును. అయినను నాకు ఆపిలుపై మమకారము తక్కువ. కాశ్మీరమునుండియు హిమాచలమునుండియు వచ్చి, శీతలగిడ్డంగులలో నెలల తరబడి వేచి మన అంగడి కెక్కునప్పటికి, దానిలో నునుపు మిగిలినంతగ కరకర మిగులదు. దానికంటె మన దోరజామ వేయిరెట్లు మేలు. క్యాబేజీ మంచిగ వచ్చు చలికాలముననే జామయు విరివిగ వచ్చును. నడుమనున్న గింజల గుజ్జును తీసివేసి, కండను మాత్రము నిలువుగ సన్నని పలుకులుగ కోసినచో, ఆపిలు వలె నల్లబడదు, తీపితోపాటు కొంత వగరు నిచ్చును, నూఱు గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగ సి విటమినును ఇచ్చును. పొయ్యి యెక్కకుండుటచే అది వేడికి నశింపదు. వేసవిలో కొబ్బరిమామిడియో బెంగుళూరు మామిడియో చాలును. ఉప్పుకారము అద్దుకొని తినుటకు బడిపిల్లలు మెచ్చిన ఆ కాయలకంటె గట్టిగ పలుకు ఫలము మఱి యేది? దానిమ్మగింజలు అన్ని ఋతువులకు అలంకారము. అనాసను చేర్చుకొనవచ్చును గాని, పెరుగు కలుపు తలంపున్నచో దానిని దూరముగ నుంచవలెను. పచ్చి అనాసలోని ఎంజైము పాలలోని మాంసకృత్తులను విఱిచి కొంతసేపటికి చేదు పుట్టించును.

కోత విషయమున నాకు కొంత పట్టుదల యున్నదని ఒప్పుకొందును. తాడు లాగినచో గిఱ్ఱున తిరుగు ప్లాస్టిక్ చాపరు నేడు ప్రతి వంటయింట ఉన్నది. ఉల్లిపాయల మాట యేమో గాని, క్యాబేజీని అది కోయదు, నలుపును. నలిగిన ఆకు నిమిషములలో నీరు విడుచును. కత్తిపీటపై, తలకాయను నాలుగు భాగములు చేసి, నడిమి దంటు తీసివేసి, ఆకుల పొరలు వీడకుండ పట్టి, వేలిగోరు మందములో సగమునకు మించని పోచలుగ కోయవలెను. పనసపొట్టు కొట్టు నేర్పరుల చేయి చూచినవారికి, సన్నదనమే సగము రుచి యన్నమాట వేఱుగ చెప్పనక్కరలేదు.

పిమ్మట ఉప్పు. అనేకులు ఈ వంటకమును చెఱచునది యిచ్చటనే. అన్నియు ఒక్కసారి కలిపి గంటసేపు బల్లపై నుంచినచో, ఉప్పు కణములలోని నీటిని వెలికి లాగి, అడుగున పులుసును పైన వాడిన ఆకును మిగుల్చును. రెండు మార్గములు కలవు. కోసిన క్యాబేజీకి మాత్రము చెంచాడు ఉప్పు పట్టించి, చిల్లులగిన్నెలో అరగంట సేపుంచి, దిగిన నీటిని పిండివేసి, ఆ తరువాత తక్కినవి కలుపుట ఒకటి. దీనివలన పోచ వంగును గాని విఱుగుట మానదు, ఒకటి రెండు గంటలు నిలుచును. చల్లని నీటిలో కొంతసేపుంచి బిగువెక్కించి, పూర్తిగ వడకట్టి, వడ్డించు క్షణమున ఉప్పు చేర్చుట రెండవది. ఇంటిలో నలుగురు కూర్చుండి తినునప్పుడు నేను రెండవదానినే మెచ్చుకొందును. విందులకు మొదటిది శ్రేయము. పండ్లముక్కలు ఏ మార్గముననైనను చిట్టచివర పడవలెను.

పచ్చిక్యాబేజీ యనగానే మనవారిలో పలువురు మెదడులో చేరు పురుగును తలంచి భయపడుదురు. భయము నిరాధారము కాదు, గుఱి మాత్రము తప్పినది. బద్దెపురుగు క్యాబేజీలో పుట్టదు. మనుష్యమలము కలిసిన మురుగునీరు పాఱిన మడులలో దాని గ్రుడ్లు ఆకుల నంటుకొనవచ్చును, అది ఏ పచ్చి ఆకుకూరకైనను వర్తించును. పై ఆకులు రెండు మూడు తీసి పాఱవైచి, తలకాయను చీల్చి, పాఱు నీటిలో పొరపొరను కడుగుట అందులకు తగిన జాగ్రత్త. ఇక క్యాబేజీ పైరును తిను డైమండ్ రెక్కల పురుగు అనేక మందులకు లొంగకుండుటచే రైతు మాటిమాటికి పిచికారీ చేయవలసి వచ్చుచున్నది గనుక, ఈ కడుగుట ఇంకొక కారణమునను అవసరము. ఫ్రిజ్జులో దాచినచో నిశ్చింత యనుకొనుటయు పొరపాటే. 1981లో కెనడా తూర్పు తీరమున లిస్టీరియా వ్యాధి ప్రబలి పలువురు గర్భిణుల శిశువులను పొట్టన పెట్టుకొన్నప్పుడు, దాని మూలము కోల్‌స్లాయే యని తేలినది. గొఱ్ఱెల యెరువు వేసిన చేని క్యాబేజీని శీతలగిడ్డంగిలో నిల్వచేయగా, చలిలో సయితము పెరుగు ఆ సూక్ష్మజీవి అందు వృద్ధిపొందెను. కావున గర్భిణులకు బయట చేసి నిల్వయుంచిన దానిని పెట్టరాదు. తక్కినవారికిని నాటిది నాడే చెల్లవలెను.

కూరలో పండేమిటని ముక్కు విఱుచు పెద్దలు లేకపోలేదు. ఉగాదినాడు వేపపూవుతో అరటిపండును, శ్రీరామనవమినాడు వడపప్పులో మామిడికోరును, దద్ధోజనములో దానిమ్మగింజలను ఆదరించు మనము ఆ ప్రశ్న వేయుట కొంత విడ్డూరమే. పప్పుచారన్నముతో వేపుడు నంజుకొనునట్లే దీనిని నంజుకొనవచ్చును. బిరియానీ ప్రక్క చక్రములుగ కోసిన ఉల్లిపాయ ఒంటరితనమును ఇది తీర్చగలదు.

నా కోరిక వివాహభోజనములు చేయించు కేటరర్లకు సంబంధించినది. తెల్లవాఱుజామున కోసి, ఉప్పు నిమ్మరసము కలిపి, మధ్యాహ్నమువఱకు స్టీలు పళ్లెములలో వాడిపోనిచ్చి, పైన ఒక చెఱ్ఱీపండుతో నలంకరించి సలాడని పెట్టునది ఎవరును తినకయే కుప్పతొట్టికి పోవుట మనము చూచుచునే యున్నాము. అతిథుల యెదుట దోసెలు పోయుటకు పెనమును, జిలేబీలు చుట్టుటకు మూకుడును ఏర్పాటు చేయువారికి, ఒక బల్ల, రెండు కత్తిపీటలు, కడిగి వడకట్టిన క్యాబేజీలు, ఒక బుట్ట దోరజామలు, ఆవనిమ్మరసపు గిన్నె సమకూర్చుట భారము కాదు. మనుష్యులు చాలరందురు. పొట్టు కొట్టు నేర్పుగలవా డొక్కడు, పంక్తి లేచి మఱియొక పంక్తి కూర్చుండులోపల, నూఱుమందికి సరిపడ కోసిపెట్టగలడు. వానికి ఆనాటి కూలితోపాటు చెఱ్ఱీపండ్ల ఖర్చును కూడ ఇచ్చినచో సంతోషముగ వచ్చును.