నొప్పిలేని కాన్పు: వాగ్దానము, వాస్తవము

నేడు మన నగరములలో ప్రసూతి వైద్యశాలల ముంగిట “నొప్పిలేని కాన్పు” అను ప్రకటనఫలకములు తరచుగా కనిపించుచున్నవి. ఇంటిలో మాత్రము, నెలలు నిండిన కోడలు నొప్పులను తలచుకొని జంకినప్పుడు, “మేమందరము కనలేదా యేమి?” అని పెద్దవారు మందలించుట మానలేదు. వైద్యశాలవారు నొప్పి యసలే యుండదందురు. పెద్దలు నొప్పి పడనిదే తల్లి యెట్లగునందురు. పరస్పరవిరుద్ధములుగా తోచు నీ రెండు మాటలకును ఒక సామ్యము కలదు: కనబోవు స్త్రీ యేమి కోరుచున్నదను విచారణ రెంటిలోను లేదు. కాన్పు నొప్పి లేకుండ జరుగునా యను ప్రశ్నకు వైద్యశాస్త్రము చాలవరకు సమాధానము చెప్పినది. ఆ సమాధానమును ఎన్నుకొను నధికార మెవరిదను ప్రశ్నయే యింకను మిగిలియున్నది.

ప్రసవవేదన కల్పితమును కాదు, కేవలము భయజనితమును కాదు. గర్భాశయము ముడుచుకొనునప్పుడెల్ల దాని ముఖద్వారము కొంచెము కొంచెముగా సాగి పది సెంటీమీటర్ల మేర తెరచుకొనును. ఈ తొలిదశలో పుట్టు బాధ నడుమునుండి పొత్తికడుపునకు వ్యాపించుచు, ఇది యిచ్చటనని వ్రేలుపెట్టి చూపుటకు వీలుకానిదిగా నుండును. శిశువు శిరస్సు క్రిందికి దిగివచ్చు రెండవదశలో కటిప్రదేశపు కండరములు సాగుటచేత బాధ తీక్ష్ణమై, స్థానము స్పష్టమై, వేరొక నాడీమార్గమున మెదడును చేరును. అయినను అందరి యనుభవమును ఒక్కటి కాదు. మాంట్రియల్ నగరమున రొనాల్డ్ మెల్జాక్ అను మనశ్శాస్త్రవేత్త 1981 లో ప్రకటించిన పరిశోధనలో, బాధ స్వల్పమని చెప్పినవారు తొలిచూలు స్త్రీలలో సుమారు పదిమందికొకరు, మలిచూలువారిలో సుమారు నలుగురికొకరు మాత్రమే. అత్యంత తీవ్రమని చెప్పినవారును తక్కువగా లేరు. కావున సులభముగా కన్న యొకామెను కొలబద్దగా చేసికొని మరియొకామెను పిరికిదనుట అజ్ఞానముతో కూడిన క్రౌర్యము.

ఈ క్రౌర్యము మన దేశమునకే పరిమితము కాదు. 1847 లో జేమ్స్ యంగ్ సింప్సన్ అను వైద్యుడు ఎడింబరో నగరమున మొదట ఈథరను మత్తుమందును, పిమ్మట క్లోరోఫారమును ప్రసవసమయమున ప్రయోగించినప్పుడు, స్త్రీ వేదనతోనే కనవలెనని బైబిలు శాసించియుండగా దానిని తొలగించుట దైవధిక్కారమని ఆక్షేపించినవారుండిరి. ఆదామును గాఢనిద్రలో ముంచిన పిదపనే దేవుడతని ప్రక్కటెముకను తీసెనని అదే గ్రంథమునుండి సింప్సన్ ప్రత్యుత్తరమిచ్చెను. 1853 ఏప్రిల్ 7 న విక్టోరియా రాణి తన యెనిమిదవ సంతానమును కనునప్పుడు వైద్యుడు జాన్ స్నో చేత క్లోరోఫారము తీసికొనిన తరువాత నా యాక్షేపణల బలము చాలవరకు తగ్గెను. అయితే ఆ మందు ప్రాణములు తీయుటయు కలదు. దాని భద్రతనుగూర్చిన వివాదము మన హైదరాబాదువరకు వచ్చి, ఆరవ నిజాము ధనసహాయముతో, వైద్యుడు ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యమున 1888, 1889 సంవత్సరములలో రెండు విచారణసంఘములు ఏర్పడెను. క్లోరోఫారము శ్వాసను అణచునే గాని గుండెకు నేరుగా హాని చేయదని వారు తేల్చిరి. ఆ నిర్ణయము పొరపాటని తరువాతి పరిశోధనలు నిరూపించెను. బాధ తొలగింపవలెనను తొందరలో మందు దోషములను తక్కువగా చూచుట యెట్టిదో ఈ చరిత్ర చెప్పుచున్నది.

ఇరువదవ శతాబ్దము ఇంకొక వింతను చూచెను. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరమున మార్ఫీనును, స్కోపొలమీనును కలిపి యిచ్చు “సంధ్యానిద్ర” పద్ధతి వెలయగా, 1914 ప్రాంతమున అమెరికా స్త్రీలే దానికొరకు ఉద్యమము నడపిరి. కాని ఆ మందు బాధను పూర్తిగా తొలగింపలేదు. బాధ జ్ఞాపకమును తుడిచివేసెను. తల్లి కేకలు వేయుచు పెనగులాడుచునే యుండెడిది, మెలకువ వచ్చిన పిమ్మట నేమియు నెరుగకుండెడిది. శిశువులు సరిగా ఊపిరి తీయలేకపోవుటయు కలిగెడిది. దీనికి ప్రతిక్రియగా ఆంగ్లవైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్, భయము కండరములను బిగింపజేయుననియు, ఆ బిగువే నొప్పిని పెంచుననియు వాదించెను. సోవియట్ దేశపు పద్ధతిని 1951 లో చూచివచ్చిన ఫ్రాన్సు వైద్యుడు లమాజ్ శ్వాసాభ్యాసములను పారిస్ లో ప్రచారము చేసెను. భయము తగ్గిన బాధ తగ్గుననుటలో సత్యము లేకపోలేదు. మెల్జాక్ పరిశోధనలోను శిక్షణ పొందినవారికి కొంత మేలు కనబడెను. అయినను వారిలో అధికసంఖ్యాకులు తుదకు మందునే కోరిరి. శిక్షణ పొందియు అరచినామెను మనోబలము చాలనిదిగా చూచినప్పుడు, ఆ సిద్ధాంతమును అత్తగారి మందలింపువంటిదే యగుచున్నది.

నేటి ఎపిడ్యూరల్ పద్ధతి వీటన్నిటికంటె మేలైనది. నడుమువద్ద వెన్నెముక సందునుండి సన్నని గొట్టమును జొనిపి, దానిద్వారా పలుచని మోతాదులో తిమ్మిరిమందును పంపుచుండగా, తల్లి పూర్ణస్పృహలో నుండియే, నొప్పి చాలవరకు తెలియకుండ, బిడ్డ తొలి యేడుపును వినగలదు. దానివలన సిజేరియన్లు పెరుగుననుటకు గాని, నడుమునొప్పి జీవితాంతము వదలదనుటకు గాని ఆధారము లేదు. రక్తపోటు పడిపోవుట, దురద, జ్వరము, మూత్రవిసర్జనకు ఇబ్బంది, రెండవదశ కొంత దీర్ఘమగుట, అరుదుగా తీవ్రమైన తలనొప్పి మాత్రము కలుగవచ్చును. కొందరిలో నది యొక ప్రక్కనే పనిచేయవచ్చును. అందుచేత “తక్కువ నొప్పితో కాన్పు” అనుట న్యాయము. “నొప్పిలేని కాన్పు” అని హామీ యిచ్చుట వ్యాపారము.

ఇంతకంటె పెద్ద భ్రమ యింకొకటి మన యిండ్లలో వ్యాపించినది: నొప్పి తప్పించుకొనుటకు సిజేరియనే దారి యనుట. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమందలి కాన్పులలో 21.5 శాతము శస్త్రచికిత్సద్వారా జరుగగా, ఆంధ్రప్రదేశములో 42.4 శాతము, తెలంగాణములో 60.7 శాతము జరిగెను. ఇందులో ముహూర్తపు పిచ్చియు, వైద్యశాలల సౌకర్యమును, తొలి సిజేరియను వెంట వచ్చు మలి సిజేరియనును కలవు. నొప్పుల భయమును కలదు. నొప్పి ఆ దారిని పోదు, కాన్పు తరువాతికి జరుగును: కడుపు కోతతో లేవలేక, కూర్చుండలేక, బిడ్డకు పాలిచ్చుటకు పరులచేయి పట్టుకొను బాలింత దానిని అనుభవించును. ప్రాణము నిలుపు శస్త్రమును నొప్పినివారణగా నమ్మించుట వైద్యధర్మము కాదు.

మందుకంటె చౌకైనదియు, మన పూర్వులెరిగినదియు ఒకటి కలదు. సూతికాగృహమున గర్భిణి చుట్టును పలుమార్లు కన్న అనుభవము కలవారును, స్నేహశీలలును, విషాదము నెరుగనివారును, కష్టసహిష్ణువులును అయిన స్త్రీలుండి ఆమెను ఊరడింపవలెనని చరకసంహిత విధించినది. పదిహేనువేలమందికి పైగా స్త్రీలపై జరిగిన పరిశోధనలను క్రోడీకరించిన 2017 నాటి కాక్రేన్ సమీక్షయు, ఎడతెగని తోడు గల స్త్రీలకు సహజప్రసవములు హెచ్చనియు, మందుల అవసరము తక్కువయనియు, అసంతృప్తి తక్కువయనియు తేల్చెను. అడిగిన తల్లికి ఎపిడ్యూరల్ ఇయ్యవలెననియు, కోరిన తోడును అనుమతింపవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018 లో సిఫారసు చేసెను. ప్రసూతిగదులకై యేర్పడిన మన కేంద్రప్రభుత్వపు “లక్ష్య” పథకమును తోడును అంగీకరించినది. అయినను ఎన్ని ప్రసూతిగదులలో తల్లినో, వదినెనో గుమ్మముబయట నిలిపి, లోపల నొంటరియైన స్త్రీని కసరుట వినుటలేదు? ఆ కసురుకు మందేమియు అక్కరలేదు, మర్యాద చాలును.

కనుక ప్రభుత్వములు చేయవలసినది స్పష్టము: ప్రతి జిల్లా ఆసుపత్రి ప్రసూతివిభాగమునకు రేయింబవళ్లు మత్తువైద్యుని నియమించుట, శిక్షణ పొందిన మంత్రసానులను, అనగా మిడ్‌వైఫ్‌లను పెంచుట, తోడును హక్కుగా చేయుట. కుటుంబములు చేయవలసినది యింకను సులభము. నొప్పులు మొదలైన తరువాత నేదియు వివరించి చెప్పుటకు వ్యవధి యుండదు. సీమంతము నాటికే వైద్యునితో మాటలాడి, ఏ మందు కలదో, దాని మంచిచెడ్డ లేవో తెలిసికొని, నిర్ణయమును గర్భిణికే విడిచిపెట్టుడు. మందు వలదని కన్నామెకు బిరుదులును, మందు కోరినామెకు నిందలును అక్కరలేదు, ఇరువురును తల్లులే.