పదకొండో ఏడాది మాటేమిటి?

జపాన్‌లోని కషివాలో టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన కావ్లీ ఐపీఎంయూ అనే పరిశోధన కేంద్రం ఉంది. విశ్వం ఎలా పుట్టింది, దేనితో నిండి ఉంది అన్న ప్రశ్నలకు జవాబు వెతకడం దాని పని. రోజూ మధ్యాహ్నం 3 గంటలకు అక్కడ టీ వేళ. గణితం వాళ్లు, భౌతికశాస్త్రం వాళ్లు, ఖగోళశాస్త్రం వాళ్లు గదులు వదిలి నడిమి హాల్లో చేరతారు. అందరూ రావాల్సిందేనన్నది కేంద్రం పెట్టుకున్న నియమం. నల్లబల్లలు పక్కనే ఉంటాయి కాబట్టి మాటల్లో లేచిన సందేహం అక్కడికక్కడే లెక్కలోకి దిగుతుంది.

ఇలాంటి చోటు దానంతటదే ఏర్పడదు. 2007లో జపాన్ విద్యాశాఖ ‘డబ్ల్యూపీఐ’ పేరిట ఒక పథకం తెచ్చింది. తొలి విడతలో ఐదు కేంద్రాలను ఎంపిక చేసి, ఒక్కోదానికి ఏటా 130 నుంచి 140 కోట్ల యెన్ల చొప్పున పదేళ్లు ఇవ్వడానికి సిద్ధపడింది. డబ్బుతో పాటు గట్టి షరతులూ పెట్టింది. పరిశోధకుల్లో కనీసం 30 శాతం విదేశీయులు ఉండాలి. కార్యాలయ వ్యవహారాలు ఇంగ్లిష్‌లో నడవాలి. నియామకాల్లో డైరెక్టర్ మాట చెల్లాలి. మామూలుగా విశ్వవిద్యాలయాల్లో ఏ విభాగం పోస్టులు ఆ విభాగానివే. రెండు శాస్త్రాల నడుమ పనిచేసేవారికి ఎక్కడా చోటు దొరకదు. ఆ గోడల్ని కదిలించింది ఈ షరతులే.

అసలు పరీక్ష గడువు ముగిశాక మొదలైంది. తొలి ఐదింటిలో మరో ఐదేళ్ల పొడిగింపు దక్కింది ఒక్క ఐపీఎంయూకే. అది నిలదొక్కుకోవడానికి పరిశోధన ప్రతిభ ఒక్కటే కారణం కాదు. 2011లోనే టోక్యో విశ్వవిద్యాలయం ఉన్నత అధ్యయనాల కోసం ఒక శాశ్వత వ్యవస్థను నెలకొల్పి, ఈ కేంద్రాన్ని అందులో చేర్చుకుంది. మరుసటి ఏడాది కావ్లీ ఫౌండేషన్ 75 లక్షల డాలర్ల మూలధనం ఇచ్చింది. గ్రాంటు నడుస్తుండగానే రేపటికి ఏర్పాటు జరిగిందన్నమాట.

జపాన్ అనుభవంలో చేదు పాఠమూ ఉంది. 2004లో జాతీయ విశ్వవిద్యాలయాలను కార్పొరేషన్లుగా మార్చాక, వాటి రోజువారీ నిర్వహణకిచ్చే నిధుల్లో పదేళ్లకు పైగా ఏటా దాదాపు ఒక శాతం చొప్పున కోత పడింది. ఒక చేత్తో మెరుపు కేంద్రాలకు ఇచ్చి, రెండో చేత్తో మామూలు విభాగాల తిండి తగ్గించారు. యువ పరిశోధకులకు గడువు ఉద్యోగాలే మిగిలాయి. పదేళ్లు పనిచేసిన పరిశోధకులు శాశ్వత ఒప్పందం కోరవచ్చని చట్టం చెప్పినా, 2023లో ఆ గడువు దగ్గరపడేసరికి వారిని ముందే సాగనంపుతున్నారన్న వివాదాలు చెలరేగాయి. అనుభవం పండిన మనిషిని వదులుకుంటే అతడి కోసం పెట్టిన గ్రాంటు కూడా వృథాయే.

మన దేశానికి ఈ పాఠం ఇప్పుడే కావాలి. 2020-21 లెక్కల ప్రకారం పరిశోధనపై మనం పెట్టింది జీడీపీలో 0.64 శాతమే. 2023 నాటి చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ వచ్చింది. ఐదేళ్లలో రూ. 50 వేల కోట్లు లక్ష్యమన్నారు. అందులో అధిక భాగం ప్రైవేటు వర్గాల నుంచి రావాలి. ఈ ఫౌండేషన్ తెచ్చిన ‘పెయిర్’ పథకంలో పెద్ద సంస్థ కేంద్రంగా, చుట్టూ ఇతర విశ్వవిద్యాలయాలు జట్టుగా పనిచేస్తాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయం అలాంటి కేంద్రాల్లో ఒకటి. ఆలోచన మంచిదే. కానీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర విశ్వవిద్యాలయాల ఆచార్య పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. కోట్ల రూపాయల యంత్రం వచ్చినా, ప్రాజెక్టు ముగియగానే దాన్ని నడిపే కుర్రవాడు వెళ్లిపోతే ఆ గదికి తాళమే.

అందుకే గ్రాంటు మంజూరు పత్రంలోనే మూడు విషయాలు ఖాయం కావాలి. గడువు పదేళ్లకు తగ్గకూడదు. గడువు తీరాక ఎన్ని శాశ్వత పోస్టులు ఇస్తుందో విశ్వవిద్యాలయం ముందే రాసివ్వాలి, ఖాళీల భర్తీకి రాష్ట్ర ప్రభుత్వం పూచీపడాలి. విదేశీ పరిశోధకుల వీసా, వసతి, జీతం చూసే సిబ్బందికి ఖర్చు గ్రాంటులోనే కలపాలి. వీటికి ఒప్పుకోని చోట పరిశోధన కేంద్రం పెట్టకపోవడమే మేలు. ప్రజాధనంతో మనం నిలబెట్టాల్సింది ఆ పనిని తరతరాలుగా కొనసాగించే మనుషుల్ని.