అక్క ఋణం

టెక్సస్‌లో చదువుకుంటున్న మా అన్నయ్య కూతురు డిసెంబరు సెలవులకు పరిటాల వచ్చింది. మెడలో గ్రీకు అక్షరాల పతకం ఒకటి వేలాడుతోంది. ఇదేమిటే అని మా అమ్మ అడిగింది. “సొరోరిటీ, నానమ్మా. కాలేజీ ఆడపిల్లల సంఘం. అందులో నాకొక అక్క ఉంది. ఈ ఏడు నాకొక చెల్లెల్ని కూడా ఇచ్చారు” అంది. “డబ్బు కట్టి అక్కచెల్లెళ్ళను తెచ్చుకుంటారుటే!” అని అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఆ రాత్రికే నాకు ముల్లై గుచ్చుకుంది. ఎందుకో చివర చెబుతాను.

లాటిన్‌లో సొరోర్ అంటే తోబుట్టువైన ఆడపిల్ల. అమెరికాలో మగవిద్యార్థుల సంఘాలలో తమకు చోటు లేకపోగా, 1870లో ఇండియానా రాష్ట్రంలోని ఒక కళాశాల విద్యార్థినులు కప్పా ఆల్ఫా థీటా అనే సంఘాన్ని స్థాపించుకున్నారు. 1874లో సిరక్యూస్‌లో గామా ఫై బీటా వెలిసింది. ఈ సంఘాలు ఆ తరువాత నల్లజాతి విద్యార్థినులకు తామే తలుపులు మూశాయి. 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఆ విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫాను నెలకొల్పుకున్నారు. అక్కడే 1913లో ఇరవై ఇద్దరు కలిసి డెల్టా సిగ్మా థీటాను ప్రారంభించి, ఆ మార్చిలోనే వాషింగ్టన్‌లో స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. 1998లో హ్యూస్టన్‌లోనూ, ఆస్టిన్‌లోనూ దక్షిణాసియా అమ్మాయిలు తమ సంఘాలు తాము పెట్టుకున్నారు. మా అమ్మాయి పతకం ఆ కోవలోనిదే.

ఈ చరిత్రలో నాకు కనిపించినది ఒక్కటే. మూసిన తలుపు ముందు నిలబడినవారే సంఘం కట్టారు. లోపలికి వెళ్ళినవారు వెనుకవచ్చేవారికి తలుపు తెరిచి పట్టుకున్నంతకాలం దానికి విలువ ఉంది. అది మరచిన చోట మిగిలేవి విందులు, రంగులు, కొత్తవారిని వేధించే దీక్షలు.

ఇది పరాయిదేశపు వింత అనుకునేవారు మా పరిటాలకు ఎంతో దూరం పోనక్కరలేదు. నందిగామ దాటి మునేరు ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు వరకు వెళితే చాలు. తిరుపతమ్మ తల్లి గుడికి వెళ్ళే వేలమందిలో ఎందరికి తెలుసో గాని, భండారు అచ్చమాంబ 1874లో ఆ ఊళ్ళోనే పుట్టింది. పదేళ్ళకు పెళ్ళి చేశారు. బడి చదువు లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటూ అక్కకు అక్షరాలు నేర్పాడు. కన్నబిడ్డలను పోగొట్టుకొన్న ఆ తల్లి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసింది, కథలు వ్రాసింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించింది. తెలుగు స్త్రీలు తామై కట్టుకొన్న తొలి సంఘాలలో అదొకటి. 1905లో ముప్పయ్యేళ్ళకే కన్నుమూసింది. తాను నేర్చుకొన్న అక్షరాన్ని తనవద్దే ఉంచుకోలేదు. నా దృష్టిలో సొరోరిటీ విలువలన్నీ ఆ ఒక్క పనిలో ఉన్నాయి.

నేడు మా రహదారి పొడుగునా ఇంజనీరింగు కళాశాలలే. ఉదయం పసుపుపచ్చ బస్సుల నిండా ఆడపిల్లలే. అయినా వారిని ఒకరికొకరిని కట్టి ఉంచే సూత్రమేదీ లేదు. సీనియరు, జూనియరు అనగానే మనకు గుర్తువచ్చేది ర్యాగింగు. దానిని నిషేధిస్తూ 1997లో చట్టమే చేసుకున్నాం. చేయకూడనిది ఏమిటో చట్టం చెప్పింది. చేయవలసినది ఏమిటో ఎవరూ చెప్పలేదు.

ఇక ఆ ముల్లు సంగతి. నేను విజయవాడలో చదివే రోజులలో, నాకంటే ఒక ఏడు పెద్దదైన ఒక అక్క కంచికచర్లలో బస్సెక్కి నాకు సీటు ఆపి ఉంచేది. తన పుస్తకాలు ఇచ్చింది. నావద్ద కొనడానికి డబ్బు లేదని గ్రహించి, అడగకుండానే తన డ్రాఫ్టరు ఇచ్చింది. మూడవ సంవత్సరం మధ్యలో ఆమె రావడం మానేసింది. పెళ్ళి కుదిరిందన్నారు. చదువు పూర్తిచేయనివ్వండని ఆమె తల్లిదండ్రులను అడగడానికి మాలో ఒక్కరమూ వెళ్ళలేదు. వెళితే ఆగేదో లేదో వేరే మాట. వెళ్ళడం మా బాధ్యత అని మాకు తోచనే లేదు. ఆ డ్రాఫ్టరు ఇప్పటికీ మా అటక మీద ఉంది.

మనవద్ద సంఘం అనగానే దాని వెనుకే కులం వచ్చి కూర్చుంటుందని నాకు తెలుసు. అందుకే ఎవరికి ఎవరు అక్కో చీటీలు తీసి తేల్చాలి. పతకాలు వద్దు, చందాలు వద్దు. పేర్లు వ్రాసుకొనే ఒక పుస్తకం చాలు. ఏటేటా చేతులు మారే పుస్తకం. అందులోని ఏ పిల్ల అయినా వారం రోజులు బస్సెక్కకపోతే, ఇద్దరు ఆమె ఇంటికి వెళ్ళి తలుపు తట్టాలి. ఆ ఒక్క నియమం చాలు.

తిరుగు ప్రయాణం నాడు మా అమ్మాయిని అడిగాను, “మీ చెల్లెలు చదువు మానేస్తే మీరేం చేస్తారే?” అని. “ముందు నేనే వెళతాను, అత్తా” అంది, అందులో ఆలోచించడానికి ఏముందన్నట్లు. ఈసారి నేను నవ్వలేదు.