నీటి క్రింది బండ



యౌవనంలో నేను ఒక మిషను ఆసుపత్రిలో లెక్కలు వ్రాసేవాడిని. అప్పటి కెనడా డాక్టరు గారూ అమ్మగారూ ఇప్పుడు వృద్ధులు. గత ఆగస్టులో వారి పిలుపు మీద వెళ్లి, వారి తెరచాప పడవలో క్యాంప్‌బెల్ రివర్ నుండి ఉత్తరంగా ప్రయాణమయ్యాను.

కొంతదూరంలో, వ్యాంకూవర్ ద్వీపానికీ క్వాడ్రా ద్వీపానికీ మధ్య సీమోర్ నారోస్ అనే ఇరుకైన జలసంధి ఉంది. ఆటుపోట్ల వేళ అక్కడ నీరు గంటకు 28 కిలోమీటర్ల వరకు వేగంతో పరుగెత్తుతుంది. పోటు ఆగి ఆటు మొదలయ్యే మధ్య కొద్ది నిమిషాలే నీరు నిలుస్తుంది. ఆ సమయం కోసం ఒడ్డు చాటున లంగరు వేశాము.

డాక్టరు గారు టీ త్రాగుతూ చెప్పారు: "ఇక్కడ నీటి మధ్య రిపుల్ రాక్ అనే బండ ఉండేది. ఆటు బాగా తీసినప్పుడు కూడా దాని కొన తొమ్మిది అడుగుల లోతున దాగి ఉండేది. ఎన్నో ఓడలు పగిలి, నూరుమందికి పైగా చనిపోయారు. చివరకు మాడ్ ద్వీపం నుండి సముద్రం అడుగున సొరంగం త్రవ్వి, బండలో మందుగుండు నింపి, 1958 ఏప్రిల్ 5న పేల్చివేశారు."

నా గుండె కొట్టుకొన్నది. ఒకసారి లెక్క తేడా వచ్చినప్పుడు ఆయన నన్ను అందరి ఎదుట నిలదీశారు. ఆ కోపంతో ఆయన మీద పెద్దలకు పేరు లేని ఉత్తరం వ్రాశాను. ఆ తరువాత ఏటేటా క్రిస్మస్ శుభాకాంక్షలు పంపుకొన్నాము గాని, ఆ మాట ఎత్తలేదు.

"అయ్యగారూ, ఆ ఉత్తరం వ్రాసింది నేనే" అన్నాను.

ఆయన కప్పు క్రింద పెట్టి, "తెలుసు. రోజూ నీ పద్దుల పుస్తకం చూచేవాడిని, నీ చేతివ్రాత గుర్తుపట్టనా? అందరిలో నిన్ను అవమానపరచినందుకు నేనే ముందు క్షమాపణ అడగవలసింది. అడగలేకపోయాను" అన్నారు. అమ్మగారు కన్నీరు తుడుచుకొన్నారు. ముగ్గురం ప్రార్థించాము. తరువాత నీరు నిలిచింది, దాటిపోయాము.

అర్పణ తెచ్చినవాడు ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడవలెనని ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో బోధించెను. నేను ఎన్నో ఆదివారాలు కానుక వేశాను గాని ఈ పని చేయలేదు.

ప్రియులారా, అన్నదమ్ముల మధ్య పొలం గట్టు తగాదా గాని, అత్తాకోడళ్ల మధ్య మాట గాని అలా దాగియున్నదా? వచ్చే ప్రభువు బల్లకు ముందే ఆ యింటి గడప తొక్కండి. ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమెన్.