ఓటు సరే, లెక్కపెట్టేది ఎవరు?

వచ్చే సెమిస్టర్‌లో మన కాలేజీలో స్టూడెంట్ కౌన్సిల్‌కి ఎన్నికలు పెడతారని అంటున్నారు. ఇన్నాళ్లూ సీఆర్ అంటే క్లాస్ టీచర్ వేలు చూపించి "నువ్వు ఉండు" అన్నవాళ్లే. కాబట్టి ఇది మంచి వార్తే. వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడే ఎవరు నిలబడతారు, ఏ బ్రాంచ్ ఎవరి వెనక ఉంటుంది అని లెక్కలు మొదలయ్యాయి. కానీ ఎన్నిక ఎలా జరుగుతుంది అని అడిగినవాళ్లు చాలా తక్కువ. ఆన్‌లైన్ ఫామ్ పెట్టేస్తే సరిపోతుంది కదా అన్నది ఎక్కువమంది మాట.

సరిపోదు అన్నది నా వాదన. రూల్స్ నామినేషన్ల కంటే ముందే రాసుకోవాలి. ఎవరు పోటీ చేస్తున్నారో తెలిశాక రాసే ప్రతి రూలూ ఎవరో ఒకరి కోసం రాసినట్టే కనిపిస్తుంది.

ముందు కొంచెం చరిత్ర. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల చివర్లో కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. క్యాంపస్‌లలో హింస పెరిగిందన్నది కారణం. విచిత్రం ఏంటంటే, దాదాపు అదే సమయంలో, 1989 మార్చిలో, 61వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చి ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. అంటే పార్లమెంటుకి ఓటేయడానికి పనికొచ్చిన పద్దెనిమిదేళ్లవాళ్లు, తమ కాలేజీ యూనియన్‌కి ఓటేయడానికి మాత్రం పనికిరాకుండా పోయారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల తప్ప మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ కాలేజీలది ఇప్పటికీ అదే పరిస్థితి. మన అమ్మానాన్నల్లో చాలామంది కూడా కాలేజీ ఎన్నిక చూడకుండానే డిగ్రీ పూర్తి చేశారు.

దేశం మొత్తానికి రూల్స్ లేవా అంటే ఉన్నాయి. సుప్రీంకోర్టు ఆదేశంతో, మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ జె.ఎం. లింగ్డో అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. దాని సిఫార్సులు అమలు చేయాలని 2006 సెప్టెంబర్‌లో కోర్టు ఆదేశించింది. అండర్ గ్రాడ్యుయేట్ అభ్యర్థుల వయసు 17 నుంచి 22 మధ్య ఉండాలి. బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు. అటెండెన్స్ కనీసం 75 శాతం ఉండాలి. ఒక్కో అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. ప్రింట్ చేసిన పోస్టర్లు వద్దు, చేత్తో రాసినవే వాడాలి. నామినేషన్ నుంచి ఫలితాల దాకా పది రోజుల్లో అయిపోవాలి.

చదవడానికి బాగానే ఉన్నాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం అభ్యర్థిని అదుపులో పెట్టే రూల్సే. అభ్యర్థి రూల్‌కి దారి వెతుక్కుంటాడు. ఢిల్లీ యూనివర్సిటీలో పోస్టర్ల మీద పేరులో ఒక అక్షరం కావాలనే ఎక్కువ వేసి, "ఆ పేరు నాది కాదు" అని తప్పించుకునే అలవాటే ఉంది. 2024లో అక్కడ గోడలు ఎంతగా పాడయ్యాయంటే, అవి శుభ్రం చేసేదాకా ఓట్లు లెక్కపెట్టొద్దని ఢిల్లీ హైకోర్టు ఆపేసింది. సెప్టెంబర్ చివర్లో పోలింగ్ జరిగితే ఫలితాలు నవంబర్ చివర్లో వచ్చాయి. 5,000 పరిమితి కాగితం మీద అలాగే ఉంది.

అందుకే నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు. ఎన్నిక నడిపేది ఎవరు, ఓటు రహస్యంగా ఉంటుందా, లెక్క అందరి ముందూ జరుగుతుందా? ఈ మూడూ సరిగ్గా ఉంటే అభ్యర్థి చిన్న చిన్న తెలివితేటలు చూపించినా నష్టం తక్కువ. ఇవి లేకపోతే ఎంత క్రమశిక్షణ ఉన్నా ఫలితాన్ని ఓడినవాళ్లు నమ్మరు. ఎన్నిక జరిగేది గెలిచినవాళ్ల కోసం కాదు. ఓడినవాళ్లు కూడా "సరే, ఓడిపోయాం" అని ఒప్పుకోవడం కోసం.

ఇప్పుడు ఆ ఆన్‌లైన్ ఫామ్ సంగతి. సీఎస్ఈ వాళ్లం మనమే ముందు దీన్ని వద్దనాలి. ఫామ్‌లో లాగిన్ తప్పనిసరి చేస్తే ప్రతి ఓటు పక్కనా మెయిల్ ఐడీ పడేలా పెట్టొచ్చు. అలా పెడితే ఎవరు ఎవరికి వేశారో ఫామ్ తయారుచేసిన వ్యక్తికి కనిపిస్తుంది. ఆ వ్యక్తి మన ఇంటర్నల్ మార్కులు వేసే లెక్చరర్ అయితే? లేదా మన హాస్టల్ ఫ్లోర్‌లోనే ఉండే సీనియర్ అయితే? పోనీ లాగిన్ తీసేస్తే ఒక్కడే పదిసార్లు ఓటేయొచ్చు. మెయిల్స్ కనపడకుండా పెట్టామని చెప్పినా, ఆ మాట నమ్మడం తప్ప మనకి వేరే ఆధారం లేదు.

కాగితం ఈ సమస్యని ఎప్పుడో తీర్చేసింది. జాబితాలో సంతకం పెట్టి బ్యాలెట్ తీసుకుంటాం. దాని మీద పేరు ఉండదు, నంబర్ ఉండదు. మడిచి డబ్బాలో వేస్తాం. ఎవరు ఓటేశారో ఒకచోట ఉంటుంది, ఏ ఓట్లు పడ్డాయో ఇంకోచోట ఉంటుంది. డేటాబేస్ భాషలో చెప్పాలంటే రెండు టేబుల్స్, మధ్యలో ఫారిన్ కీ లేదు. అనుమానం వస్తే మళ్లీ లెక్కపెట్టుకోవడానికి కాగితాలు ఉండనే ఉంటాయి. వెయ్యీ పన్నెండొందల ఓట్లు లెక్కపెట్టడం ఒక సాయంత్రం పని.

ఎన్నిక నడిపే కమిటీ విద్యార్థులదే అయి ఉండాలి. ఇది కలలో మాట కాదు. ఢిల్లీలోని జేఎన్‌యూలో ఎన్నికల కమిషన్ విద్యార్థులదే. అధ్యక్ష అభ్యర్థులు అందరి ముందూ నిలబడి డిబేట్ చేస్తారు, ప్రశ్నలకి జవాబు చెప్తారు. మన దగ్గర ఒక్కో బ్రాంచ్ నుంచి ఒక ఫైనల్ ఇయర్ విద్యార్థిని చీటీ తీసి ఎంచుకుందాం. వాళ్లు పోటీ చేయకూడదు, ఏ అభ్యర్థికీ ప్రచారం చేయకూడదు. ఫ్యాకల్టీ పరిశీలకులుగా ఉండొచ్చు, అప్పీల్ వినొచ్చు. ఫిర్యాదు వస్తే 24 గంటల్లో, కారణంతో సహా, రాతపూర్వకంగా నిర్ణయం చెప్పాలి. "చూద్దాంలే" అనేది నిర్ణయం కాదు.

తర్వాత బ్రాంచ్ లెక్క. నేను చదివేది సీఎస్ఈ, అందుకే ఈ మాట నేను చెప్తేనే బాగుంటుంది. మన దగ్గర సీఎస్ఈ సెక్షన్లు ఎన్ని? సివిల్ ఎన్ని? ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుపు అంటే సివిల్, మెకానికల్ వాళ్లు నాలుగేళ్లూ చప్పట్లు కొట్టడానికే మిగులుతారు. ప్రతి బ్రాంచ్‌కి కనీసం ఒక సీటు ఉండాలి. అధ్యక్ష పదవికి ప్రాధాన్య ఓటు పెట్టాలి. అంటే పేర్ల పక్కన 1, 2, 3 అని వేయడం. ఎవరికీ సగం కంటే ఎక్కువ రాకపోతే, చివర ఉన్నవాళ్లని తీసేసి వాళ్ల ఓట్లని రెండో ప్రాధాన్యం ప్రకారం పంచుతారు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో జరిగేది ఇలాంటిదే, లెక్కింపు రోజుల తరబడి సాగడం టీవీలో చూసే ఉంటారు. ఇలా పెడితే సొంత బ్రాంచ్ ఓట్లు ఒక్కటే సరిపోవు. పక్క బ్లాక్‌కి వెళ్లి "మొదటిది మీవాడికే వెయ్యండి, రెండోది నాకు వెయ్యండి" అని అడగాల్సి వస్తుంది. అలా అడిగే అలవాటే మనకి కావాలి.

ఇంకొకటి ఎవరూ మాట్లాడట్లేదు. అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రమే మూసేస్తారు. అబ్బాయిల హాస్టల్‌లో అర్ధరాత్రి దాకా రూమ్ రూమ్‌కీ తిరిగి ప్రచారం చేయొచ్చు. ఇద్దరికీ ఒకే పోటీ అంటే ఎలా? ప్రచారం ఏదైనా గర్ల్స్ హాస్టల్ గేటు మూసే టైమ్‌కి అందరికీ ఆగిపోవాలి. డే స్కాలర్లు బస్సు ఎక్కేలోపే పోలింగ్ ముగియాలి. ఇక బిర్యానీ పార్టీల సంగతి. లింగ్డో కమిటీ ఖర్చుల లెక్క ఫలితాల తర్వాత రెండు వారాల్లో ఇవ్వమంది. గెలిచాక చూపించే లెక్కతో ఓటరుకి ఉపయోగం లేదు. పోలింగ్‌కి ముందు రోజే నోటీసు బోర్డు మీద పెట్టాలి.

ఎన్నికలు పెడితే గొడవలొస్తాయి, కులం పేరుతో గ్రూపులు కడతారు అని పెద్దవాళ్లు భయపడతారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఒకప్పుడు క్యాంపస్‌లలో ప్రాణాలు పోయాయి. కానీ నియమించే పద్ధతిలో గ్రూపులు లేవా? ఉన్నాయి, పైకి కనపడవంతే. ఫలానావాడినే ఎందుకు పెట్టారని అడిగితే జవాబు ఉండదు. ఎన్నికలో కనీసం లెక్క ఉంటుంది, అడిగే హక్కు ఉంటుంది. గొడవలు రాకుండా ఆపేది కూడా అందరూ నమ్మే లెక్కింపే.

కాబట్టి ఈ నెల్లోనే రూల్స్ ముసాయిదా ఒకటి రాసి, అన్ని సెక్షన్లలో చదివి వినిపించి, మార్పులు అడుగుదాం. రెండు పేజీలు చాలు. అభ్యర్థుల పేర్లు బయటికి రాకముందే అది ప్రిన్సిపాల్ గారి టేబుల్ మీద ఉండాలి. మీకు వీటిలో ఏ రూల్ నచ్చకపోయినా చెప్పండి, వాదించుకుందాం. ఇప్పుడు వాదించుకుంటే ఫలితాల రోజు కొట్టుకోనక్కర్లేదు.