నీచులో నీచం లేదు

“నీచు అనకూడదు, నాన్‌వెజ్ అనాలి” అని పిల్లల్ని దిద్దే ఇళ్లు నెల్లూరు తీరంలోనూ పెరిగాయి. నీచం నుంచి నీచు పుట్టిందట, తినేవాళ్లను తక్కువ చేయడానికే ఆ పేరు పెట్టారట. చదువుకున్నవాళ్లే ఇలా చెబుతుంటే బాధగా ఉంటుంది. ఎందుకంటే ఇది తప్పు.

నోటితో పలికి చూడండి. ‘నీచుడు’లోని చకారం తాలవ్యం, ‘చిలుక’లో లాంటిది. చేపల నీచులో ఉన్నది దంత్యం, ‘చుక్క’లో పలికేది. సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టు తెచ్చుకున్న మాటలకు ఈ దంత్యం రాదని బాలవ్యాకరణం చదివిన ఎవరికైనా తెలుసు. 1852 నాటి బ్రౌన్ నిఘంటువు కూడా ఈ రెండు చకారాలనూ వేరుగా చూపింది. నీచు వాడుకలో నీసు అయింది. నీచుణ్ణి నీసుడు అనేవాళ్లు ఎక్కడున్నారు?

చేప వాసనకూ, ఆ వాసనున్న తిండికీ మనవాళ్లకు ఒకటే పేరు, నీచు. మైపాడులో అప్పుడే ఒడ్డున పడ్డ చేపకు నీచు అంతగా ఉండదు, పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది. సముద్రపు ఉప్పును తట్టుకోవడానికి చేప ఒంట్లో ఉండే ఒక పదార్థాన్ని, అది చచ్చాక బాక్టీరియా ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. ఆ ఘాటు అదే. పులుపు తగిలితే అణుగుతుంది. మన ఆడవాళ్లు రాళ్లుప్పు వేసి, రాతిమీద రుద్ది, నీళ్లు మార్చి మార్చి కడిగి, వాసన చూసి, “ఇంకా నీచు పోలేదే” అని మళ్లీ కడుగుతారు. ఆపైన చింతపండు పులుసు, మామిడికాయ ముక్కలు. ఇంత పనితనంలో నలిగిన మాట అది. కార్తీకంలో “ఈ నెల నీచు ముట్టం” అనే అవ్వ తన తిండిని తిట్టుకుంటోందా?

నాన్‌వెజ్ అంటే మర్యాద వస్తుందా? కూరగాయను కొలబద్దగా నిలబెట్టి, పట్టపువారి వలలో పడ్డ వంజరాన్ని ‘అది కానిది’గా లెక్కగట్టే మాట అది. అవమానం అసలు ఉన్నచోటు వేరు. ‘ప్యూర్ వెజ్’ బోర్డులో ఉంది, ప్యూర్ కానిది ఎవరి తిండో చెప్పకనే చెబుతుంది. అద్దె ఇంటి గడపలో ఉంది. “నీచు తింటారా?” అని అడిగిన యజమాని ఇప్పుడు “నాన్‌వెజ్ తింటారా?” అని అడుగుతున్నాడు. తింటామంటే, ఇల్లు మాత్రం ఇవ్వడు.